సిటీ పోలీస్ టీమును మరిచిపోయి రహీం సాబ్‌ని తలుచుకోవడం ఎలా?

ప్రశ్న ఇది: "సయ్యద్ అబ్దుల్ రహీం పేరు నాకు హిందీ సినిమా వచ్చాకే తెలిసింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానులు ఆయన్ని నిజంగా గుర్తు పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఏం చేస్తారు?"

పెట్టుకున్నారు. నేను సికింద్రాబాద్‌లో పెరిగాను, సెలవు రోజుల్లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను, మా గ్రౌండ్‌లో ప్రతి ఏడాదీ జూన్ 11న, అంటే ఆయన పోయిన రోజున, చిన్న టోర్నమెంట్ పెడతాం. దాని గురించి చెబుతాను. కానీ ముందు ఒక మాట అనాలి. సినిమా పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలిసిన రహీం సాబ్ ఇండియా కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ బంగారం, ఇవన్నీ నిజమే, గర్వపడాల్సినవే. అయితే ఆయన రోజూ పని చేసిన చోటు హైదరాబాద్ సిటీ పోలీస్ టీము. అక్కడే ఆయన చేసినదాన్ని జనం మర్చిపోయారు, నా బాధంతా అదే.

1950లో ఆ టీము పగ్గాలు పట్టుకుని 1963లో చనిపోయేదాకా వదల్లేదు. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచారు. ఒక్కసారి ఆలోచించండి, కలకత్తా పెద్ద క్లబ్బులు వచ్చి ఆడే టోర్నమెంట్‌లో మన ఊరి పోలీసు టీము ఐదేళ్లపాటు కప్పు ఎవరికీ ఇవ్వలేదు! ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా ఆ కలకత్తా క్లబ్బుల మీదే, 1950లో మోహన్ బగాన్ మీద, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద గెలిచారు, మధ్యలో 1954లోనూ గెలిచారు. రాష్ట్రం మారి టీము పేరు ఆంధ్ర పోలీస్ అయ్యాక 1961లో ఫైనల్లో మళ్లీ మోహన్ బగానే ఎదురైంది, మళ్లీ మనమే. హైదరాబాద్ జట్టు 1956, 1957ల్లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ వరసగా తెచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జమాల్, లాయిఖ్, మొయినుద్దీన్ లాంటి పేర్లు ఆ రోజుల్లో ఈ ఊళ్లో పిల్లలకు నోటికి వచ్చేవని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు మా గ్రౌండ్‌కి వచ్చే పిల్లల్ని అడిగితే యూరప్ క్లబ్బుల రిజర్వ్ గోల్‌కీపర్ పేరు కూడా చెబుతారు కానీ నూర్ మహమ్మద్ ఎవరంటే తెలీదు. తప్పు పిల్లలది కాదు, చెప్పినవాళ్లెవరు?

ఎందుకు మరుగున పడ్డారు అంటే నాకు తోచిన కారణాలు కొన్ని. ఆ టీముకు కలకత్తా క్లబ్బుల్లాగా మెంబర్లు, గ్యాలరీ, రోజూ రాసే పత్రికలు లేవు, అది ఒక డిపార్ట్‌మెంటు టీము. ఆటగాళ్లు ఉద్యోగులు. మంచి కుర్రాడు తయారు కాగానే కలకత్తా నుంచి పిలుపు వచ్చేది, వెళ్లిపోయేవాడు, ఆ తర్వాత అతని పేరు పక్కన ఈస్ట్ బెంగాల్ అనో మహమ్మడన్ స్పోర్టింగ్ అనో రాసేవారు. తయారు చేసిన ఊరి పేరు, తయారు చేసిన మనిషి పేరు వెనక్కి పోయాయి. రహీం సాబ్ స్వతహాగా స్కూల్ టీచరు, ఉస్మానియాలో చదువుకున్నారు, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా చివరిదాకా పని చేశారు. 53 ఏళ్లకే కేన్సర్‌తో పోయారు, అది కూడా జకార్తా గెలిచిన ఏడాదిలోపే. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, అంటే ఆయన బతికుండగా అలాంటి గుర్తింపే లేదు. ఆయన పేరున ఈ నగరంలో ఒక పెద్ద స్టేడియం ఇప్పటికీ లేదు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది, దాచుకోను.

తులసీదాస్ బలరాం సంగతి తెలుసుకుంటే రహీం సాబ్ ఎలాంటి మనిషో అర్థమవుతుంది. బలరాం మా వైపు అమ్ముగూడ కుర్రాడు, పేద ఇల్లు. ఆట చూసి రహీం సాబ్ క్యాంపుకు రమ్మన్నారు. రోజూ సికింద్రాబాద్ వైపు నుంచి హైదరాబాద్‌కి రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరాం తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్ వెళ్లాడు, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, జకార్తా ఫైనల్ ఆడాడు, 1962లో అర్జున అవార్డు తీసుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు ఇక్కడ మేము కొందరం అమ్ముగూడ గురించి మాట్లాడుకున్నాం, ఎందుకంటే వార్తల్లో ఎక్కువ భాగం ఆయన తర్వాత ఆడిన కలకత్తా గురించే ఉంది.

సరే, మేం ఏం చేస్తాం అన్నారు కదా. మొదట్లో అందరిలాగే ఫొటోకి దండ వేసి, ఇద్దరు పెద్దల చేత మాట్లాడించి, సమోసాలు, చాయ్‌తో ముగించేవాళ్లం. అందులో తప్పేం లేదు, కానీ పిల్లలకు బోర్ కొట్టేది, ఫొటోలో ఉన్నాయన ఎవరో వాళ్లకు పట్టేది కాదు. తర్వాత మాలో ఒకాయన, ఆయన తండ్రి ఆ రోజుల్లో ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లు చూసినవాడు, ఒక మాట అన్నారు: రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేకుండా, అంటే బంతిని కాలితో నెట్టుకుంటూ ఒక్కడే పోకుండా ఆడే టోర్నమెంట్లు పెట్టేవారు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే టోర్నమెంట్లు పెట్టేవారు కదా, మనం అవే పెడదాం అని. అప్పటినుంచి అదే చేస్తున్నాం.

ఎలాగంటే, ముందు ప్రతి పిల్లాడి చేత నాలుగు షాట్లు కొట్టించి ఏ కాలు బలమైనదో చూస్తాం. ఆ కాలికి సాక్సు మీద ఎర్ర టేపు చుడతాం. ఆ కాలితో బంతిని ఆపొచ్చు అంతే, పాస్ ఇచ్చినా షాట్ కొట్టినా అవతలి జట్టుకు ఫ్రీ కిక్. మొదటి పది నిమిషాలు ఘోరంగా ఉంటుంది, బంతి ఎటో పోతుంది, పిల్లలు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు కూడా టెన్షన్ పడతారు, "సార్, మా వాడు ఎడమ కాలితో నడవడమే కష్టం" అని ఒకావిడ నిజంగానే నాతో వాదించారు. కానీ ఆ తర్వాత ఒక మార్పు వస్తుంది, అది చూడాలి. బంతి వచ్చాక తిప్పుకునే టైము లేదని తెలిసి, బంతి రాకముందే తల ఎత్తి చూడటం మొదలుపెడతారు, ఒంటిని ముందే ఆ వైపు తిప్పి నిలబడతారు. మేం నెలల తరబడి గొంతు చించుకున్నా రానిది అది.

రెండో మ్యాచ్ డ్రిబ్లింగ్ లేనిది. ఒక్కడే బంతిని వరసగా మూడుసార్ల కంటే ఎక్కువ తాకితే బంతి అవతలి జట్టుకు పోయినట్టే. ఇక్కడ బంతి ఉన్నవాడి కంటే లేనివాడికి పని ఎక్కువ, వాడు ఖాళీలోకి పరిగెత్తకపోతే జట్టు మొత్తం ఇరుక్కుపోతుంది. మా జట్టులో ఎప్పుడూ అందర్నీ దాటుకుంటూ ఒక్కడే గోల్ దాకా పోయే కుర్రాడు ఉంటాడు, ప్రతి గ్రౌండ్‌లోనూ ఉంటాడు, వాడికి ఆ రోజు చాలా కోపం వస్తుంది. వాడిని తీసి కూర్చోబెట్టకూడదు, వాడినే మధ్యలో ఆడించాలి. పొట్టి పాసులతో, అందరూ కదులుతూ ఆడిన సిటీ పోలీస్ ఆట వెనక ఉన్నది ఇలాంటి సాధనే, అది మాటల్లో చెబితే తలకెక్కదు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయిన జట్టుకు కూడా ఆయనే కోచ్, మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు అక్కడ. అలాంటి ఓటమి తర్వాత నాలుగేళ్లకే ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన జట్టును తయారు చేశాడంటే ఆ మాస్టారు ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేదని అర్థం.

తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, కాబట్టి 11 అంటే పిల్లలకు సెలవుల్లో ఆఖరి రోజు, వస్తారు. వాన పడితే ఆడతారు, మరీ ఎక్కువైతే మర్నాడు సాయంత్రానికి మారుస్తాం. మధ్యలో ఎనభై దాటిన ఒక పెద్దాయనను కుర్చీ వేసి కూర్చోబెడతాం, ఆయన ప్రసంగం చేయరు, పిల్లలు చుట్టూ చేరి అడుగుతారు, "దాదా, బూట్లు లేకుండా ఎలా ఆడేవాళ్లు, నొప్పి పుట్టదా?" అని. ఆయన ఉర్దూలో చెబుతుంటే తెలుగు పిల్లలకు పక్కవాళ్లు చెబుతారు. జట్టులో ఎవరు ఏ చోట ఆడేవారో ఆయనకూ మా ఇంకో పెద్దాయనకూ పడదు, ఆ గొడవ వినడానికే నేను పక్కన కూర్చుంటాను.

మీరు కూడా ఏదైనా చేయాలనుకుంటే విగ్రహం, స్టేడియం పేరు అంటూ అర్జీలు పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. కానీ దానికోసం ఆగొద్దు. మీ వీధిలోనో బడిలోనో ఎర్ర టేపు మ్యాచ్ ఒకటి పెట్టండి, ఖర్చు టేపుదే. పద్నాలుగేళ్లలోపు పిల్లలైతే సగం గ్రౌండ్ చాలు, జట్టుకు ఏడుగురు, పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు. పెద్ద గోల్ వద్దు, కోన్స్ పెట్టండి. మొదలుపెట్టే ముందు సిటీ పోలీస్ జట్టులోని పేర్లు గట్టిగా చదివించండి, పిల్లల చేతే.

ఇంకొకటి, ఇది తొందరగా చేయాల్సిన పని. మీ ఇంట్లో ఆ కాలంలో హైదరాబాద్ పోలీసులో పనిచేసిన తాతయ్యలు, వాళ్ల పాత పెట్టెలు ఉంటే వెతకండి. జట్టు ఫొటో దొరికితే వెనక పెన్సిలుతో ఎవరు ఎవరో రాయించండి, చెప్పగలిగేవాళ్లు ఉండగానే. దొరికినవాళ్లు ఈ జవాబు కింద పెట్టండి, నిలబడ్డ వరసలో ఎవరెవరో మా పెద్దాయనలకు చూపించి అడిగి రాస్తాను.