థండర్‌బర్డ్‌లో మెయిల్స్ వస్తున్నాయి, వెళ్లట్లేదా? ముందు పోర్ట్ చూడండి
ఉబుంటు లినక్స్‌లో మీ థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌కి మెయిల్స్ వస్తున్నాయి, పంపితే మాత్రం కాసేపు తిరిగి తిరిగి టైమౌట్ అంటోంది అన్నారు కదండీ, అలాగైతే పాస్‌వర్డ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది తప్పైతే సర్వర్ వెంటనే లాగిన్ కుదరలేదని చెప్పేసేది. రావడానికి ఐమ్యాప్, వెళ్లడానికి ఎస్‌ఎంటీపీ, రెండూ వేరే దారులు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు అట్టడుగున ఉండే అవుట్‌గోయింగ్ సర్వర్ తెరవండి. అక్కడ పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం నంబరు) 25 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే, స్పామ్ గొడవ వల్ల చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. 587 పెట్టి, కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి, లేదా 465 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే మళ్లీ ఇదే గోల (నా ఆదివారం ఒకటి మొత్తం ఇక్కడే పోయింది). జీమెయిల్ అయితే అథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 (గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. అప్పటికీ కదలకపోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద పంపి చూడండి, వెళ్లిందంటే తేడా లినక్స్‌లో కాదు, మీ ఇంటి నెట్‌లో ఉంది.