పాఠకుల ప్రశ్నలు: బిల్లింగ్ ప్రోగ్రామ్ ఏ భాషలో రాయాలి?

ప్రశ్న: బేగంబజార్‌లో పప్పులు, మసాలాలు అమ్మే హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసివ్వాలనుకుంటున్నాను. సీ షార్ప్, పైథాన్, జావా, ఎలక్ట్రాన్ నాలుగూ కొద్దికొద్దిగా వచ్చు. షాపుల్లో చాలావరకు సీటీసీలో (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్) కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లే. 4 జీబీ ర్యామ్, కొన్నింట్లో ఇంకా విండోస్ 7. సరుకుల పేర్లు తెలుగులో రావాలి. దేంట్లో మొదలుపెట్టమంటారు?

జవాబు: భాష సంగతి తర్వాత, ముందు ఆ విండోస్ 7 సంగతి తేల్చుకోండి. సగం జాబితాను అదే కొట్టేస్తుంది. పైథాన్‌లో 3.8 దాటితే దానిమీద నడవదు. ఎలక్ట్రాన్ 23వ వెర్షన్ నుంచి విండోస్ 7ను వదిలేసింది. సీ షార్ప్ ప్రోగ్రామ్‌లను నడిపించే డాట్‌నెట్‌లో 8వ వెర్షన్‌కు విండోస్ 10 కావాల్సిందే. పైగా ఎలక్ట్రాన్ అంటే ప్రతి ప్రోగ్రామ్‌తో పాటు ఒక క్రోమియం బ్రౌజర్‌ను మోసుకెళ్లడమే. 4 జీబీ మిషన్‌లో పక్కన ట్యాలీ, క్రోమ్ కూడా తెరిచి ఉంటే కౌంటర్ దగ్గర కీ నొక్కాక అక్షరం పడేదాకా ఎదురుచూడాలి. జావా నడుస్తుంది గానీ 11వ వెర్షన్ నుంచి జావాఎఫ్ఎక్స్ (తెరమీద కిటికీలు, బటన్లు గీసే భాగం) జేడీకేలో (జావా డెవలప్‌మెంట్ కిట్) లేదు, విడిగా తెచ్చి కలపాలి. ఒక షాపు బిల్లింగ్ కోసం అంత తతంగం అనవసరం.

విండోస్‌కే పరిమితమైన పాత తరం డాట్‌నెట్, అంటే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద, సీ షార్ప్‌లో విన్‌ఫామ్స్‌తో (విండోస్ తెరలు తయారుచేసే పద్ధతి) రాయండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి 4.8 విండోస్‌లోనే ఉంటుంది కాబట్టి మీ సెటప్ కొన్ని ఎంబీలతో సరిపోతుంది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మీద మాత్రం 4.8 ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. చాలాకాలం నెట్ తగలని మిషన్లలో అది సర్టిఫికెట్ చైన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2011 రూట్ సర్టిఫికెట్‌ను ముందు ఇన్‌స్టాల్ చేస్తే ముందుకు కదులుతుంది.

డేటాబేస్ ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు ఉండదు. ప్రోగ్రామ్‌డేటాలో మీ పేరుతో ఫోల్డర్ చేసి, ఆ ఫోల్డర్‌కు రాసే అనుమతి సెటప్‌లోనే ఇచ్చేయండి. లేకపోతే మీ మిషన్‌లో చక్కగా నడిచింది షాపులో మొదటి బిల్లుకే చతికిలబడుతుంది.

ప్రశ్న: థర్మల్ ప్రింటర్‌లో ఇంగ్లిష్ చక్కగా వస్తోంది, తెలుగు పేర్ల చోట అన్నీ ప్రశ్నార్థకాలే. ఫాంట్ మార్చినా అంతే. (మల్కాజిగిరి)

జవాబు: మీరు ప్రింటర్‌కు నేరుగా ఈఎస్‌సీ/పీఓఎస్ (బిల్లు ప్రింటర్లకు అర్థమయ్యే భాష) కమాండ్లతో టెక్స్ట్ పంపుతున్నట్టున్నారు. అలా పంపితే ప్రింటర్ తన సొంత కోడ్ పేజీలో, అంటే లోపలి అక్షరాల పట్టికలో ఉన్న అక్షరాలే వేస్తుంది. కంప్యూటర్‌లో ఏ ఫాంట్ పెట్టినా దానికి తెలియదు. తెలుగును బొమ్మగా మార్చి పంపాల్సిందే.

తేలికైన దారి ప్రింటర్ డ్రైవర్ వేసుకుని, డాట్‌నెట్‌లో ప్రింటింగ్ కోసం ఉన్న ప్రింట్‌డాక్యుమెంట్‌తో గీయడం. వత్తులు, గుణింతాలు కలిపే పని విండోస్ చూసుకుంటుంది. 80 మిల్లీమీటర్ల కాగితంలో అచ్చయ్యేది సాధారణంగా 72 మిల్లీమీటర్లే. 203 డీపీఐలో (అంగుళానికి 203 చుక్కలు) అది 576 చుక్కలు. 58 మిల్లీమీటర్ల కాగితానికి 384. బొమ్మ అంతకు మించితే కుడివైపు మొత్తాలు కోసుకుపోతాయి.

ఇంకో చిక్కుంది. స్క్రీన్ మీద అక్షరం అంచులు నున్నగా కనబడటానికి వాడే బూడిద రంగు థర్మల్ కాగితం మీద చుక్కలు చుక్కలుగా విడిపోయి, ‘ష్ట’ లాంటి చోట వత్తు ముద్దవుతుంది. కోడ్‌లో టెక్స్ట్‌రెండరింగ్‌హింట్ అనే సెట్టింగ్‌ను సింగిల్‌బిట్‌పర్‌పిక్సెల్‌గ్రిడ్‌ఫిట్‌కు (బూడిద రంగు లేకుండా నలుపు, తెలుపే) మార్చి, సైజు 10 పాయింట్లకు తగ్గకుండా చూడండి. నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8 నుంచే ఉంది. విండోస్ 7లో గౌతమి పెట్టండి. సరుకుల పేర్లు ఎవరైనా అను ఫాంట్లలో టైప్ చేసిచ్చి ఉంటే అవి యూనికోడ్ కావు, ముందు మార్చుకోవాలి.

ప్రశ్న: బిల్లు మొత్తం ఒక్కోసారి రూపాయి తక్కువ చూపిస్తోంది. షాపు ఓనర్ కాలిక్యులేటర్‌తో పట్టుకున్నాడు. కోడ్‌లో తప్పు కనబడటం లేదు. (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: రూ. 142.50ను డాట్‌నెట్‌లోని మ్యాథ్.రౌండ్‌కు ఇచ్చి చూడండి. 143 కాదు, 142 వస్తుంది. అదే 143.50 ఇస్తే 144. సరిగ్గా సగం దగ్గర ఉంటే అది పక్కనున్న సరి సంఖ్యకు జరుపుతుంది. అందుకే కొన్ని బిల్లులే తప్పుతున్నాయి. మిడ్‌పాయింట్‌రౌండింగ్‌లో అవేఫ్రమ్‌జీరో (సగాన్ని సున్నాకు దూరంగా జరపమని) అని స్పష్టంగా రాయండి. పైథాన్, విజువల్ బేసిక్‌లోని రౌండ్‌లదీ ఇదే పద్ధతి. జావాలోని మ్యాథ్.రౌండ్ మాత్రం సగాన్ని పైకే జరుపుతుంది. జావా నుంచి కోడ్ మార్చేటప్పుడు ఇక్కడ కన్నేసి ఉంచాలి.

డబ్బు దాచడానికి డబుల్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడొద్దు, డెసిమల్ (ఉన్నదున్నట్టు దాచే రకం) వాడండి. 1.005ను డబుల్‌లో పెడితే లోపల దానికంటే పిసరు తక్కువగా నిలుస్తుంది, రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 1.00 అవుతుంది. జీఎస్టీలోనూ పైసా ఇలాగే జారుతుంది. రూ. 10.50 మీద 18 శాతం లెక్కేస్తే రూ. 1.89. 9 శాతం చొప్పున సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా తీసి రౌండ్ చేస్తే 95 పైసలు, 95 పైసలు, మొత్తం రూ. 1.90. బిల్లు మీద ఆ రెండూ వేరువేరుగా అచ్చవుతాయి గనుక విడివిడిగానే తీసి, వాటినే కూడండి.

ప్రశ్న: అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నాను. కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ ఎడిటర్ చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: పైథాన్‌కు చాలు. విన్‌ఫామ్స్‌కు చాలదు, అందులో ఫామ్ డిజైనర్ (బటన్లు, పెట్టెలు లాగి పెట్టి తెరను తయారుచేసేది) లేదు. విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఉచితమే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డాట్‌నెట్ డెస్క్‌టాప్ వర్క్‌లోడ్ (ఆ పనికి కావాల్సిన సామాన్ల మూట) ఒక్కటే టిక్ చేయండి. అన్నీ టిక్ చేస్తే డిస్క్ నిండిపోతుంది.

ప్రశ్న: పైథాన్ కోడ్‌ను విండోస్ ప్రోగ్రామ్‌గా మార్చే పైఇన్‌స్టాలర్‌తో చేసిన ఎక్జిక్యూటబుల్‌ను కస్టమర్ దగ్గర యాంటీవైరస్ తీసేస్తోంది.

జవాబు: వన్‌ఫైల్ (అంతా ఒకే ఫైలు) పద్ధతి మానేసి వన్‌డిర్‌తో (అంతా ఒక ఫోల్డర్‌లో) చేయండి. వన్‌ఫైల్ తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోకి తనను తాను విప్పుకుంటుంది. వైరస్‌లు చేసే పనీ అదే కాబట్టి అనుమానం వస్తుంది. తెరుచుకోవడం ఆలస్యమయ్యేదీ అందుకే. ఫోల్డర్ మొత్తాన్ని ఇన్నో సెటప్ అనే టూల్‌తో ఒక ఇన్‌స్టాలర్‌గా కట్టివ్వండి. 32 బిట్ విండోస్ కస్టమర్లుంటే 32 బిట్ పైథాన్‌తోనే విడిగా బిల్డ్ చేయాలి.