చమురు, గ్యాసు దొరికే తీరప్రాంత ఊళ్లకు నిలకడైన అభివృద్ధి సాధ్యమేనా?

తిరుపతిలో టెంకాయల మండీ వాడికి గ్యాసు బావులతో ఏం పని అనొచ్చు మీరు. మా సరుకులో చానా భాగం కోనసీమ నుంచి, అంబాజీపేట మీదుగా వచ్చేదే. 30 ఏళ్లకు పైగా ఆ తోటల్లో తిరుగుతున్నా. అందుకే రాస్తున్నా.

1995 జనవరిలో సంక్రాంతి సరుకు కోసం మా నాయనతో కలిసి పోయినా. 8వ తేదీన పాశర్లపూడిలో గ్యాసు బావి పేలింది. మేము పోయింది ఆ తర్వాత రెండు రోజులకే. అంబాజీపేట ఇంకా రాకముందే ఆకాశం ఎర్రగా కనిపించింది. మేము కాయ కొనే రైతు ఇల్లు మంటకు కొన్ని మైళ్ల అవతలే. అక్కడికీ హోరు వినిపిస్తోంది. వాళ్లమ్మ అరుగు మీద కూర్చోనుంది. "రాత్రన్నది లేకుండా పోయింది బాబూ, కోళ్లు గూట్లోకి పోవట్లేదు" అనింది.

బావికి దగ్గర్లో వాళ్ల బావమరిది తోట ఉంది. మొవ్వులు మాడిపోయి చెట్లు మొండిగా నిలబడినాయంట. ఆ రైతు మా నాయనతో అన్న మాట ఈరోజుకీ మర్చిపోలేను. "కాయకి లెక్క కడతారండి. చెట్టుకెవరు కడతారు? మళ్లీ మొక్కేస్తే కాపుకి ఆరేడేళ్లండి." బేరం ఆడకుండా మా నాయన కాయ కొనడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ మంట 65 రోజులు మండి మార్చి 15న ఆరింది.

ఇప్పుడు సంగతికొస్తా. ఆ ఊళ్లలో అభివృద్ధి అని చూపించేది ఏంది? కంపెనీ పేరు రాసిన బస్సు షెల్టరు, బడికి రంగు. మా కుప్పం వైపు గ్రానైట్ క్వారీలుండాయి. 2015లో గనుల చట్టం మార్చి జిల్లాకొక ఖనిజ నిధి పెట్టమన్నారు. తవ్వకాలతో నష్టపోయిన ఊళ్ల తాగునీటికి, వైద్యానికి ఆ డబ్బు ఖర్చు పెట్టాలి. అది సరిగ్గా ఖర్చవుతోందా అంటే దాని మీద నాకు వేరే కోపముంది. కానీ అడగడానికి ఒక చట్టమన్నా ఉంది. అదే గనుల చట్టం చమురు, గ్యాసును ఖనిజాల లెక్కలోకి తీసుకోదు. రాయి తీసిన ఊరికి నిధి ఉండి, గ్యాసు తీసిన ఊరికి లేకపోవడం ఏం న్యాయం? నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి పోతుంది, సముద్రంలోది కేంద్రానికి. పంచాయతీకి మాత్రం షెల్టరు.

గ్యాసు తీస్తే నేల కుంగుతుందని కోనసీమ రైతులు చెప్తే నవ్వేవాళ్లను చూసినా. నార్వే వాళ్ల సముద్రంలో ఎకోఫిస్క్ అనే చోట చమురు, గ్యాసు తీసినాక సముద్రం అడుగే కుంగింది. 1987లో సముద్రంలో నిలబెట్టిన చమురు ప్లాట్‌ఫారాలను 6 మీటర్లు పైకి లేపినారు. అక్కడ కొలిచినారు కాబట్టి తెలిసింది. ఇక్కడ ప్రతి ఊళ్లోనూ ఏటా నేల మట్టం, బోరు నీళ్లలో ఉప్పు కొలిచి, ఆ లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి. సముద్రం ముందుకొస్తున్న కాలంలో, రొయ్యల చెరువులు కూడా పెరిగినాక, తప్పు ఎవరిదో ఇంకెట్ల తేలుతుంది?

పోయిన ఏడాది అదే ఇంటికి పోయినా. ఇప్పుడు మనవడు చూసుకుంటున్నాడు. బోరు నీళ్లతో చేతులు కడుక్కుంటే పెదాలకు ఉప్పు తగిలింది. తాగడానికి టిన్ను నీళ్లు పోసిచ్చినాడు. కాయ కూడా ముందటంత లావు లేదు. నేనూ బేరం ఆడలేదు.