పాస్‌వర్డ్ సరైనదే, అయినా డెస్క్‌టాప్ తెరుచుకోదు

ప్రశ్న: విండోస్ 10కు మద్దతు ఆగిపోయాక మా డీటీపీ సెంటర్లోని పాత కంప్యూటరులో లినక్స్ మింట్ (సిన్నమన్) వేయించుకున్నాను. మొన్నటిదాకా బాగానే నడిచింది. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగే తెరే వస్తోంది. తప్పు అని ఏ సందేశమూ లేదు. అంతకుముందు రోజు ఫైల్ మేనేజరులో ‘ఓపెన్ యాజ్ రూట్’ నొక్కి, పాత హార్డ్ డిస్కులోని నా ఫోల్డరు మొత్తాన్ని, పెళ్లి ఆల్బమ్ ఫొటోలతో సహా, ఇందులోకి కాపీ చేశాను. ఫార్మాట్ చేయక తప్పదని రిపేరు షాపులో అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఫార్మాట్ చేయించకండి. ఈ లక్షణం చూసినంత మాత్రాన మీ ఫైళ్లు పోయాయని అనుకోనవసరం లేదు. పాస్‌వర్డ్ తప్పయితే ఆ తెర ఆ మాటే చెబుతుంది. ఏ సందేశమూ లేకుండా తెర నల్లబడి తిరిగి వచ్చిందంటే, లైట్‌డీఎం అనే లాగిన్ ప్రోగ్రాము మీ పాస్‌వర్డును ఒప్పుకొని, మీ పేరిట సిన్నమన్ అనే డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టబోగా అది నిలబడలేదన్నమాట. లాగిన్ తెర చక్కగా వస్తోంది కనుక గ్రాఫిక్స్ కార్డును అనుమానించే ముందు, మీ ఫైళ్లూ సెట్టింగులూ ఉండే హోమ్ ఫోల్డరును చూడాలి.

లాగిన్ అయిన ప్రతిసారీ ఆ ఫోల్డరులో, పేరు ముందు చుక్క ఉన్న ఎక్స్‌అథారిటీ అనే చిన్న ఫైలును లైట్‌డీఎం రాస్తుంది. తెరమీద విండోలు తెరిచే అనుమతి మీ ప్రోగ్రాములకు దాని ద్వారానే దొరుకుతుంది. డిస్కులో చోటు లేక ఆ ఫైలును రాయలేకపోయినా, ఆ ఫైలో ఫోల్డరో మీ పేరు మీద కాక రూట్ (కంప్యూటరు మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పేరు మీద ఉన్నా, మీరు చెప్పినట్టే జరుగుతుంది. మీరు చేసిన ఒక్క కాపీ ఈ రెండింటికీ కారణం కాగలదు.

ఎలాగంటే, డిస్కులో ఫైళ్లను అమర్చడానికి మింట్ మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్కులో 5 శాతం చోటును రూట్ కోసం విడిగా ఉంచుతారు. 200 జీబీ డిస్కులో అది 10 జీబీ. మీరు మీ పేరుతోనే కాపీ చేసి ఉంటే ఆ హద్దు దగ్గర చోటు లేదన్న సందేశంతో పని ఆగిపోయేది. రూట్‌గా చేయడం వల్ల హద్దు దాటి లోపలికి వెళ్లిపోయి ఉండవచ్చు. పైగా రూట్‌గా చేసిన కొత్త కాపీలన్నీ రూట్ సొత్తుగా నమోదవుతాయి. ఆ ఐచ్ఛికం అంత సులువుగా చేతికి అందడం నాకు ఎప్పుడూ ఆందోళన కలిగించే విషయమే.

ఇక చేయవలసింది. పాస్‌వర్డ్ తెర ఉండగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ మీట కూడా కావలసి రావచ్చు. నల్లని తెరమీద లాగిన్ అని అడుగుతుంది. యూజర్ పేరు, ఆ తర్వాత పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనబడవు, కంగారుపడవద్దు. తెలుగు పేర్లున్న ఫైళ్లు ఇక్కడ డబ్బాలుగా కనిపిస్తే అది ఈ తెర పరిమితి మాత్రమే, ఫైళ్లకు ఏమీ కాలేదు. కింది ఆదేశాలను తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాం, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట డీఎఫ్, ఖాళీ (స్పేస్), అడ్డగీత (హైఫన్), హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే పట్టికలో, చివరి గడిలో ఒక్క ఏటవాలు గీత మాత్రమే ఉన్న వరుసను చూడండి. అక్కడ ‘అవైల్’ కింద సున్నా ఉంటే చోటు అయిపోయినట్టే. ‘సుడో ఏపీటీ క్లీన్’ కొడితే దించుకున్న ప్యాకేజీలు తొలగిపోతాయి (సుడో అంటే ఆ ఆదేశాన్ని రూట్ అధికారంతో నడపమనడం). మింట్‌లో ఎక్కువ చోటు తినేది తరచుగా, వ్యవస్థకు బ్యాకప్ కాపీలు తీసిపెట్టే టైమ్‌షిఫ్ట్. దాని కాపీలు అదే డిస్కులో పేరుకుంటాయి. ‘సుడో టైమ్‌షిఫ్ట్’ తర్వాత ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి ‘లిస్ట్’ అంటే ఆ కాపీల జాబితా వస్తుంది, ‘డిలీట్’ అంటే పాతవాటిని ఎంచుకొని తీసేయవచ్చు. కొంత చోటు ఖాళీ చేశాక కూడా ‘అవైల్’ సున్నాగానే ఉండవచ్చు, ముందు ఆ 5 శాతం తిరిగి నిండాలి కదా. ఫొటోలనే తీసేయవలసి వస్తే, పాత డిస్కులో అవి భద్రంగా ఉన్నాయని కళ్లారా చూసుకున్న తర్వాతే తీయండి. అందుకు మింట్ పెన్‌డ్రైవుతో లైవ్‌గా (అంటే డిస్కులోది కాక పెన్‌డ్రైవులోని మింట్‌తోనే) బూట్ చేసి మౌసుతో చేసుకోవడం మేలు, ఎందుకంటే నల్ల తెరమీద తుడిచింది చెత్తబుట్టలోకి వెళ్లదు.

తర్వాత యాజమాన్యం. ఎల్ఎస్, ఖాళీ, అడ్డగీత, ఎల్ఏ కొడితే ప్రతి ఫైలు పక్కన యజమాని పేరు వస్తుంది. మీ పేరుండవలసిన చోట రూట్ అని కనిపిస్తే, సుడో, సీహెచ్ఓడబ్ల్యూఎన్, అడ్డగీత పెద్ద ఆర్, మీ యూజర్ పేరు దాని వెంటే కోలన్, చివర /హోమ్/ తర్వాత మీ యూజర్ పేరు, ఇలా ఒకే వరుసలో, కామా ఉన్న చోటల్లా కామా బదులు ఖాళీ వదిలి కొట్టండి. చివరి భాగాన్ని ఏటవాలు గీత ఒక్కదానితో ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి. వ్యవస్థ మొత్తం మీ పేరుకు మారి, సుడోతో సహా పనిచేయడం మానేస్తుంది. ఇక ‘సుడో రీబూట్’. అప్పటికీ లోపలికి వెళ్లలేకపోతే, హోమ్ ఫోల్డరులోనే చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు చివరి వరుసలను ఫోను కెమెరాతో తీసి మాకు పంపండి.

ప్రశ్న: తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేర్చుకున్నప్పటి నుంచి లాగిన్ తెరలో పాస్‌వర్డ్ తప్పు అంటోంది. పాస్‌వర్డ్ మార్చలేదు.

జవాబు: మీది పై సమస్య కాదు, ఇక్కడ సందేశం స్పష్టంగా వస్తోంది. ఆ తెరమీద కనిపించే కీబోర్డు గుర్తులో తెలుగు ఉంటే ఇంగ్లిష్‌కు మార్చండి; క్యాప్స్ లాక్, నమ్ లాక్ కూడా చూడండి. అనుమానం తీరకపోతే పైన చెప్పిన నల్ల తెరకు వెళ్లి, యూజర్ పేరు అడిగే చోట పాస్‌వర్డ్ అక్షరాలను కొట్టి చూడండి. అక్కడ అవి కనిపిస్తాయి కనుక ఏ మీట పలకడం లేదో తెలుస్తుంది. చూసిన వెంటనే, ఎంటర్ నొక్కకుండా, చెరిపేయండి.