ఫిర్యాదు వేరు, అప్పీలు వేరు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు మోకాలి ఎంఆర్ఐ బిల్లుకి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోలేదన్నావు. నాలుగుసార్లు ఫోన్ చేసి, లైన్లో ఆ పాట వింటూ కూర్చుని, చివరికి వాళ్లు "మీ కంప్లయింట్ రాసుకున్నాం" అంటే హమ్మయ్య అనుకుని పెట్టేశానన్నావు. నాకు టెన్షన్ పట్టుకుంది ఆ మాటకే. ఒకప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేశాను.

అమెరికా వచ్చిన కొత్తలో మీ పెదనాన్న ఆపరేషన్ బిల్లు ఇలాగే తిరగ్గొట్టారు. ఏడు నెలలు ఫోన్లు చేశాను. మాట్లాడిన ప్రతివాళ్లూ సారీ చెప్పారు. ఏడో నెలలో ఒకమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ పేరు మీద గ్రీవెన్స్ ఉంది గానీ అప్పీలు లేదండీ, గడువు కూడా దాటిపోయింది" అంది. ఆ డబ్బు రెండేళ్లు వాయిదాల్లో కట్టాం. తర్వాత క్లినిక్‌లో బిల్లింగ్ పనిలో చేరి పదిహేడేళ్లు ఈ కాగితాలతోనే బతికాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

గ్రీవెన్స్ అంటే వాళ్ల తీరు మీద ఫిర్యాదు. ఫోన్ ఎత్తలేదు, మర్యాద లేకుండా మాట్లాడారు, అలాంటివి. అప్పీలు అంటే వాళ్లు చేసిన నిర్ణయాన్ని మార్చమని అడగడం. గ్రీవెన్స్ ఎంత గట్టిగా పెట్టినా బిల్లులో ఒక్క డాలరు తగ్గదు, గడువూ ఆగదు. నీకు ఉద్యోగం ద్వారా వచ్చిన ప్లానే కదా, డినయల్, అంటే డబ్బు ఇవ్వం అని వాళ్లు పంపే కాగితం, అందిన రోజు నుంచి అప్పీలుకి 180 రోజులు ఉంటాయి. (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌కి లెక్క వేరు, మీ అత్తగారి విషయంలో ఈ అంకె పట్టుకోకు.)

క్లెయిమ్‌లో ఎంత ఇచ్చారో, ఎందుకు కాదన్నారో చెబుతూ ఇన్సూరెన్స్ వాళ్లు పంపే ఈఓబీ కాగితం మీద "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. అది చూసే సగం మంది చెత్తబుట్టలో వేస్తారు. నువ్వు తీసి, వరుస చివర ఉన్న చిన్న కోడ్ చూడు. దాని అర్థం పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. కోడింగ్ (బిల్లులో వైద్యానికి వేసే కోడ్ నంబర్లు) తప్పని ఉంటే డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేయి, సరిచేసి మళ్లీ పంపుతారు, అప్పీలు దాకా పోనక్కర్లేదు. "మెడికల్ నెసెసిటీ లేదు", అంటే వైద్యపరంగా ఆ స్కాన్ అవసరం లేదు అని ఉంటే మాత్రం పోట్లాడాల్సిందే.

అప్పీలు ఉత్తరం ఒక్క పేజీ చాలు. పైన "అప్పీలు" అని స్పష్టంగా రాయి. మెంబర్ ఐడీ, క్లెయిమ్ నంబరు, స్కాన్ తీసిన తేదీ, వాళ్లు చెప్పిన కారణం వాళ్ల మాటల్లోనే రాయి. తర్వాత అసలు బలం డాక్టరు ఉత్తరంలో ఉండాలి. "ఎంఆర్ఐ అవసరం" అని ఒక ముక్క రాసిస్తే ఎందుకూ పనికిరాదు. ఎన్ని వారాలు ఫిజియోథెరపీ చేయించారు, ఎక్స్‌రేలో ఏం కనబడలేదు, కాలు ఎక్కడ పట్టేస్తోంది, ఇవన్నీ కావాలి. ఏ రూల్ చూసి కాదన్నారో ఆ రూలు కాపీ, నీ క్లెయిమ్ ఫైలు ఇమ్మని రాసి అడుగు. ఉచితంగా ఇచ్చి తీరాలి. ఆ రూల్లోని ఒక్కొక్క షరతుకీ డాక్టరు చేత జవాబు రాయించు. మొదట కాదన్న మనిషి గానీ, అతని కింద పనిచేసేవాళ్లు గానీ నీ అప్పీలు చూడకూడదని చట్టం. సర్టిఫైడ్ మెయిల్లో పంపి రసీదు దాచు.

అయిపోయిన వైద్యానికి 60 రోజుల్లోపు జవాబివ్వాలి. ఇంకా జరగని వైద్యానికైతే 30 రోజులు, అర్జంటైతే 72 గంటలు. అప్పటికీ కాదంటే, ఇలాంటి మెడికల్ నెసెసిటీ గొడవల్లో బయటి నిపుణుల చేత ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు. చివరి డినయల్ అందాక నాలుగు నెలల్లోపు అడగాలి. ఆ నిపుణులు ఔనంటే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. మీ ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ అవునో కాదో హెచ్ఆర్‌ని అడుగు. అవునంటే ఆ డబ్బు మీ కంపెనీదే, ఇన్సూరెన్స్ వాళ్లది గుమస్తా పని మాత్రమే. అప్పుడు స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగడం దండగ. కేంద్ర లేబర్ డిపార్ట్‌మెంట్లో ఈబీఎస్ఏ అనే విభాగం ఉంది, వాళ్లకి ఫోన్ చేయి.

ఇక ఆఫీసు గొడవ. బాబు కోసం ఎఫ్ఎంఎల్ఏ సెలవు (ఇంట్లోవాళ్ల జబ్బుకి చట్టం ఇచ్చే సెలవు) పెట్టినందుకు మేనేజరు వార్నింగ్ ఇచ్చాడన్నావు. హెచ్ఆర్‌కి నోటితో చెప్పి ఊరుకోకు. ఆ సాయంత్రమే తేదీ, ఎవరేమన్నారు, పక్కన ఎవరున్నారు, అంతా ఈమెయిల్లో పెట్టు. ఆ హెచ్ఆర్ అమ్మాయి నీతో రోజూ భోంచేసేదే కావచ్చు, ఆమెకి జీతం ఇచ్చేది మాత్రం కంపెనీ. ఇక్కడా అదే చిక్కు: లోపల పెట్టిన గ్రీవెన్స్ నడుస్తున్నా బయటి గడువు ఆగదు. వివక్ష ఫిర్యాదైతే, ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే కేంద్ర సంస్థ ఈఈఓసీకి 180 రోజుల్లోపు వెళ్లాలి, చాలా రాష్ట్రాల్లో 300. నీలాంటి సెలవు గొడవైతే లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగం వాళ్ల దగ్గరికి.

ముందు ఆ డినయల్ కాగితం వెతుకు. ఏ రోజు అందిందో చూసి, 180 రోజులు లెక్కపెట్టి ఫ్రిజ్ మీద రాసి పెట్టు. ఆదివారానికి ఉత్తరం డ్రాఫ్ట్ పంపు. కోపంతో రాసిన వాక్యాలు నేను కొట్టేస్తాను.

మీ పెద్దమ్మ