హోంవర్క్ అంతా చేసినా బి మైనస్ ఎందుకు?

అమెరికాలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: మేము ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఉంటున్నాము. మా అబ్బాయి జూనియర్ హైస్కూల్లో ఏడవ తరగతి చదువుతున్నాడు. లాంగ్వేజ్ ఆర్ట్స్‌లో, అంటే ఇంగ్లిష్ భాషా పాఠంలో, ఇంతవరకు ఒక్క హోంవర్క్ కూడా ఎగ్గొట్టలేదు. స్పెల్లింగు తప్పులు దాదాపు ఉండవు. క్లాసులో బాగా మాట్లాడతాడని టీచరే చెప్పారు. అయినా క్వార్టర్ ముగిసేసరికి 81.9 శాతంతో బి మైనస్ వచ్చింది. కారణం అడిగితే "రూబ్రిక్ చూడండి" అని ఒక్క వాక్యంతో జవాబు పంపారు. లెక్కల్లో అయితే తప్పు ఎక్కడ చేశాడో కంటికి కనిపిస్తుంది. భాషలో మార్కులు టీచరు ఇష్టాన్ని బట్టే పడతాయా? అసలు వారు పిల్లల నుంచి ఏమి ఆశిస్తున్నారు? గ్రేడు కాగితాన్ని, రూబ్రిక్‌ను, వాడు రాసిన రెండు వ్యాసాలను ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. (ఒక తల్లి)

జవాబు: మీరు జతచేసిన గ్రేడు కాగితంలోనే సగం సమాధానం ఉంది. ఆ టీచరు మొత్తం గ్రేడులో వ్యాసాలకు, యూనిట్ పరీక్షలకు కలిపి 60 శాతం, క్విజ్‌లకు 20, హోంవర్క్‌కు 10, తరగతి చర్చకు 10 శాతం కేటాయించారు. మీ అబ్బాయికి హోంవర్క్‌లో నూటికి నూరు, చర్చలో 95, క్విజ్‌లలో 84, వ్యాసాలు పరీక్షలలో 76 వచ్చాయి. 76లో 60 శాతం 45.6, 84లో 20 శాతం 16.8, హోంవర్క్ నుంచి 10, చర్చ నుంచి 9.5, అన్నీ కూడితే సరిగ్గా 81.9. హోంవర్క్ ఇప్పటికే పూర్తిగా చేస్తున్నాడు కనుక అక్కడ ఇక పెరగడానికి ఏమీ లేదు. అదే వ్యాసాల సగటు 76 నుంచి 86కు పెరిగితే మొత్తం 87.9 అవుతుంది. శ్రద్ధగా పని పూర్తి చేయడాన్ని ఈ బడి గుర్తిస్తుంది, కానీ దానికి పదో వంతు విలువే ఇస్తుంది. మిగిలినదంతా, చదివినదాన్ని అర్థం చేసుకుని తన మాటల్లో నిరూపించగలడా అన్నదానికి. ఈ విభజన న్యాయమేనా అని నన్ను అడిగితే, న్యాయమే అంటాను. కాకపోతే ఆ సంగతి ఆగస్టులో ఇచ్చే సిలబస్ కాగితం నాలుగో పేజీలో చిన్న అక్షరాలలో కాకుండా మొదటి పేజీలోనే చెప్పాలి.

టీచరు ఇష్టం గురించి మీకు కలిగిన అనుమానం కొత్తది కాదు. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు విద్యార్థులు రాసిన రెండు ఇంగ్లిష్ జవాబుపత్రాలకు నకళ్లు తీయించి, వేర్వేరు పాఠశాలల ఉపాధ్యాయులకు పంపి, మార్కులు వేయమన్నారు. 142 మంది దిద్ది పంపిన మార్కులు చూస్తే ఒకే పత్రానికి 64 నుంచి 98 వరకు, రెండో పత్రానికి 50 నుంచి 97 వరకు పడ్డాయి. భాష కాబట్టి అలా జరిగిందని అప్పుడూ అన్నారు. మరుసటి ఏడాది వారు అదే పని జామెట్రీ పత్రంతో చేస్తే తేడా ఇంకా పెరిగింది: 28 నుంచి 95 వరకు. అంటే లెక్కల్లో తప్పు కంటికి కనిపిస్తుందన్న మాట నిజమే గాని, ఆ తప్పుకు ఎన్ని మార్కులు తీయాలన్న విషయంలో అక్కడా ఏకాభిప్రాయం లేదు. దేనికి ఎంత విలువ ఇస్తామో రాయకముందే కాగితం మీద పెట్టి పిల్లల చేతికి ఇవ్వడమే ఇలాంటి అస్తవ్యస్తానికి విరుగుడు. ఆ కాగితమే రూబ్రిక్. కాబట్టి ఆ టీచరు జవాబు పొడిగా ఉంది గాని తప్పుగా లేదు.

ఇక వారు ఏమి ఆశిస్తున్నారన్నది. ఏ తరగతిలో ఏమి నేర్చుకోవాలో చెప్పే కామన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణాలను 2010లో స్వీకరించిన రాష్ట్రాలలో ఇల్లినాయిస్ ఒకటి. వాటిలో భాషాబోధన చదవడం, రాయడం, మాట్లాడటం-వినడం, భాషా నియమాలు అనే నాలుగు పాయలుగా ఉంటుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఒకే అంశం ఎలా ముదురుతూ వస్తుందో గమనిస్తే మీ అబ్బాయి ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. పాఠం నుంచి ఆధారం చూపడమే తీసుకోండి. ఆరో తరగతిలో ఆధారం చూపితే చాలు. ఏడులో ఒకటి చాలదు, అనేక ఆధారాలు చూపాలి. ఎనిమిదిలో వాటిలో అన్నిటికంటే బలమైనది ఏదో ఎంచి చూపాలి. వాదనాత్మక వ్యాసం రాసేటప్పుడు ఆరులో తన అభిప్రాయాన్ని, దానికి కారణాలను స్పష్టంగా చెప్పాలి. ఏడులో ఎదుటి అభిప్రాయం కూడా ఒకటి ఉందని ఒప్పుకుని దాన్ని ప్రస్తావించాలి. ఎనిమిదిలో తన వాదానికి, ఎదుటి వాదానికి మధ్య తేడాను విడదీసి చూపాలి. ఆరో తరగతిలో ఎ తెచ్చుకున్న పిల్లవాడు అదే తీరున ఏడులోనూ రాస్తూ బి దగ్గర ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వాడు వెనకపడలేదు, గీత ముందుకు జరిగింది.

మీరు పంపిన రెండు వ్యాసాలూ చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. అయితే సెల్‌ఫోన్ల మీద రాసిన వ్యాసంలో, తరగతిలో ఫోను ఉంటే ధ్యాస చెదురుతుందన్న ఒక్క కారణాన్నే మూడు పేరాలలో మూడు రకాల మాటలతో చెప్పాడు. ఫోను ఉండాలనేవారు ఏమంటారో ఎక్కడా రాయలేదు. ఏడో తరగతి భాషా నియమాలలో అనవసరమైన మాటలను, పునరుక్తిని గుర్తించి తీసివేయడం కూడా ఒక అంశమని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మనలో చాలామందికి నాలుగు పేజీలు నిండితేనే మంచి వ్యాసమన్న అలవాటు ఉంది. ఇక్కడ ఆ అలవాటు మార్కులు తెచ్చిపెట్టకపోగా పోగొడుతుంది.

రెండో వ్యాసంలోని లోపం ఇంకా సాధారణమైనది, దిద్దుకోవడం కూడా కొంచెం కష్టమే. ఒక కథలో అమ్మాయి తన నాయనమ్మ రాసిన ఉత్తరాన్ని చదవకుండా సొరుగులో దాచేస్తుంది. ఆ పాత్ర స్వభావాన్ని విశ్లేషించమని ప్రశ్న. మీ అబ్బాయి "ఆమె ఉత్తరాన్ని సొరుగులో పెట్టింది, తర్వాత తన గదిలోకి వెళ్లి ఏడ్చింది" అన్న ధోరణిలో పేజీన్నర రాశాడు. ఇది కథను తిరిగి చెప్పడం. టీచరు కోరింది "ఉత్తరాన్ని చింపివేయకుండా దాచిందంటే, నాయనమ్మ మీద కోపం ఉన్నా ఆమెతో బంధం తెగిపోకూడదన్న కోరిక ఆమెలో ఉందని తెలుస్తోంది" వంటి వాక్యం. మొదటిది ఏమి జరిగిందో చెబుతుంది, రెండవది జరిగినదానికి అర్థమేమిటో చెబుతుంది. పాఠం నుంచి తీసుకున్న ప్రతి ఆధారం తర్వాతా "దీన్ని బట్టి ఏమి తెలుస్తోంది?" అని తనను తాను ప్రశ్నించుకుని ఒక వాక్యం రాయడం అలవాటు చేయించండి. ఒక నెల ఆ ఒక్కటే చేయించినా చాలు, మిగిలినవి తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు రూబ్రిక్ దగ్గరకు వద్దాము. మీ అబ్బాయి టీచరు ఇచ్చినదానిలో ఐదు వరుసలు ఉన్నాయి: ప్రధాన వాదన, ఆధారాలు, అమరిక, పదాల ఎంపిక, వ్యాకరణం-స్పెల్లింగు. ఒక్కో వరుసకు 1 నుంచి 4 వరకు స్థాయిలు. స్పెల్లింగు తప్పులు లేకపోవడం ఐదింటిలో ఒక వరుసలో కొంత భాగం మాత్రమే, కనుక దానివల్ల వ్యాసం గట్టెక్కదు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ పట్టికలో 3 అంటే "తరగతి స్థాయికి తగినట్టు ఉంది" అని అర్థం. ఐదు వరుసలలోనూ 3 వస్తే 20కి 15. దాన్ని నేరుగా శాతంగా మారిస్తే 75, అంటే సి. తరగతికి తగినట్టు రాసిన విద్యార్థికి సి పడటం మాటకు, అంకెకు మధ్య పొంతన లేని సంగతి. కొన్ని బడులు అందుకే 3ను 85గానో 88గానో మార్చే పట్టిక వేరుగా పెట్టుకుంటాయి. మీ బడిలో ఏ పద్ధతి ఉందో తప్పక అడగండి. మీ ఫిర్యాదులో నాకు నిజంగా పస కనిపించినది ఈ ఒక్క చోటే.

టీచరుకు మళ్లీ రాసేటప్పుడు మార్కులు ఎందుకు తగ్గాయని అడగవద్దు. ఆధారాల వరుసలో మా వాడికి 2 వచ్చింది, 3 రావాలంటే ఇదే పేరాలో ఏమి మారాలి అని అడగండి. మొదటి ప్రశ్నకు వారు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది, రెండవదానికి పాఠం చెబుతారు. ఇంకా మంచిది, ఆ మెయిలు మీ అబ్బాయి చేతే రాయించడం.

ప్రశ్న: మాది టెక్సాస్. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈ గ్రేడింగ్ పీరియడ్‌లో లాంగ్వేజ్ ఆర్ట్స్ పెద్ద అసైన్‌మెంట్లలో 85, 90, 88, 92 వచ్చాయి. ఐదవది గడువులోగా ఇవ్వలేదు. పోర్టల్‌లో సున్నా వేశారు. గ్రేడు ఒక్కసారిగా 71కి పడిపోయింది. అమ్మాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో ఉంది, గ్రేడు వల్ల దానికీ దూరమవుతుందేమోనని భయంగా ఉంది. ఒక్క పొరపాటుకు ఇంత శిక్షా? 50 కంటే తక్కువ వేయకూడదన్న నియమం ఏదో ఉందని స్నేహితులు అంటున్నారు. గ్రేడు మార్చమని పై అధికారుల వద్దకు వెళ్లవచ్చా? (ఒక తండ్రి)

జవాబు: మీ స్నేహితులు చెప్పినట్టు 50ని కనీస మార్కుగా పెట్టుకున్న బడులు అమెరికాలో వేరే చోట్ల ఉన్నాయి. టెక్సాస్‌లో మాత్రం చట్టం దానికి ఎదురుగా ఉంది. చేసిన పని నాణ్యతతో నిమిత్తం లేకుండా కనీసం ఇంత మార్కు వేసి తీరాలని పాఠశాల జిల్లా (స్కూల్ డిస్ట్రిక్ట్) తన టీచర్లను నిర్బంధించరాదని రాష్ట్ర విద్యా చట్టం చెబుతోంది. అయితే అదే సెక్షన్ మరో రెండు మాటలు కూడా చెబుతుంది. ప్రతి పాఠశాల జిల్లా విద్యాసంవత్సరం మొదలు కాకముందే తన గ్రేడింగ్ విధానాన్ని ఆమోదించి ఉండాలి. ఫెయిల్ మార్కు వచ్చిన అసైన్‌మెంట్‌ను గాని పరీక్షను గాని తిరిగి చేసుకునేందుకు విద్యార్థికి తగిన అవకాశం ఇవ్వవచ్చు. "వచ్చు" అన్నదాన్ని గమనించండి. ఇవ్వాలా వద్దా అన్నది జిల్లా నిర్ణయం. మీ జిల్లా వెబ్‌సైట్‌లో ఆ విధానం ఉంటుంది. అందులో ఆలస్యమైన పనికి రోజుకు ఎంత తగ్గిస్తారో, ఎన్ని రోజుల వరకు తీసుకుంటారో చదివిన తర్వాతే టీచరుతో మాట్లాడండి.

సున్నా ఎందుకు అంతగా దెబ్బ తీస్తుందో మీ అంకెలే చెబుతున్నాయి. మొదటి నాలుగింటి సగటు 88.75. సున్నా చేరగానే 71. అదే అసైన్‌మెంట్‌ను ఇప్పుడు పూర్తి చేసి 70 తెచ్చుకున్నా సగటు 85కు చేరుతుంది. కాబట్టి సున్నా న్యాయమా అన్యాయమా అన్న చర్చకు వెచ్చించే సాయంత్రాన్ని ఆ పని పూర్తి చేయడానికి వెచ్చించడం మేలు. నా మట్టుకు నాకు, ఆలస్యానికి సున్నా వేయడం నచ్చదు. గ్రేడు అమ్మాయికి భాష ఎంత వచ్చునో చెప్పాలి గాని ఆ వారం ఆమె ఎంత పద్ధతిగా ఉందో చెప్పకూడదు. కానీ నా ఇష్టాయిష్టాలు మీ జిల్లా విధానాన్ని మార్చలేవు.

ఆర్కెస్ట్రా విషయంలో మీ భయం సరైనదే. 1984లో టెక్సాస్ చేసిన చట్టం నుంచి వచ్చి, తర్వాత సవరణలు పొందిన నియమం ప్రకారం గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి, కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులు మినహా, ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ ఉన్న విద్యార్థిని కనీసం మూడు వారాలపాటు పోటీలకు, ప్రదర్శనలకు దూరంగా ఉంచుతారు. రిహార్సల్స్‌కు మాత్రం వెళ్లవచ్చు. 71 అంటే గీతకు ఒక్క మార్కు ఎడంలో ఉన్నట్టు.

గ్రేడు మార్చమని పై అధికారుల వద్దకు వెళ్లవచ్చా అని కూడా చివర అడిగారు. టెక్సాస్‌లో టీచరు వేసిన గ్రేడు అంతిమం. అది ఇష్టారాజ్యంగా వేసినదని గాని, అందులో పొరపాటు ఉందని గాని, జిల్లా విధానానికి విరుద్ధంగా ఉందని గాని స్కూలు బోర్డు తేల్చితేనే మారుతుంది. 1974 నాటి ఫెడరల్ చట్టం, ఫెర్పా, మీ అమ్మాయి రికార్డులను చూసే హక్కును మీకిస్తుంది, అడిగిన 45 రోజులలోగా బడి చూపాలి కూడా. కానీ ఆ చట్టంతో టీచరు నిర్ణయాన్ని ప్రశ్నించలేరు. వేసిన మార్కు ఒకటి, నమోదైన మార్కు ఇంకొకటి అయితేనే సరిచేయించుకోగలరు. మీ సందర్భంలో పొరపాటు గడువు దాటడమే అని మీరే రాశారు కనుక ఆ దారి మీకు ఉపయోగపడదు.

ప్రశ్న: మా పాప వ్యాసం ఇచ్చేముందు నేను ప్రతిసారీ దిద్ది, బాగులేని వాక్యాలు మార్చి ఇస్తాను. గ్రేడులు బాగానే వస్తున్నాయి, కానీ క్లాసులో రాసే వాటిలో సి వస్తోంది. ఏమి చేయాలి? (ఒక పాఠకుడు)

జవాబు: ఇంటి దగ్గర రాసినదానికి, తరగతిలో రాసినదానికి మధ్య ఉన్న ఆ తేడా మీ సొంత గ్రేడు. పైగా చాలామంది టీచర్లు ఇప్పుడు వ్యాసాన్ని గూగుల్ డాక్స్‌లోనే రాయించి, ఎప్పుడు ఏమి మారిందో చూపే వర్షన్ హిస్టరీ చూస్తున్నారు. ఒక పేరా అంతా రెండు నిమిషాలలో కొత్త గొంతుతో మారిపోతే, మార్చింది తండ్రా, ఏదైనా ఏఐ సాధనమా అన్నది వారికి తెలియదు, అడిగేది మాత్రం పాపనే. చదవండి, మార్చకండి. అర్థం కాని చోట పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి కాగితం తిరిగి ఇవ్వండి. ఆ గుర్తు ఎందుకు పెట్టారని పాప వచ్చి అడిగినప్పుడు, ఆ వాక్యంతో ఏమి చెప్పాలనుకుందో నోటితో చెప్పమనండి. ఆ నోటితో చెప్పిన వాక్యమే సాధారణంగా కాగితం మీద ఉన్నదానికంటే బాగుంటుంది, దాన్నే రాసుకోమనండి.