ఫ్రెండ్లీ పోలీసింగ్ వల్ల మామూలు మనిషికి ఏం తేడా?

ఫ్రెండ్లీ పోలీసింగ్ అంటే హైదరాబాద్‌లో పోలీసులు, జనం కలిసి పనిచేయడం. నా దృష్టిలో దానికి అసలు పరీక్ష ఠాణా గుమ్మం దగ్గరే.

మా అమ్మ ఫోన్ పోయినప్పుడు స్టేషన్‌కి వెళ్లడానికే భయపడింది. రిసెప్షన్ దగ్గర కూర్చున్న మహిళా కానిస్టేబుల్ ముందు కుర్చీ చూపించింది, తర్వాత అర్జీ తనే రాసిపెట్టింది. అమ్మకి ఆ కుర్చీయే ఇప్పటికీ గుర్తు.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని చెప్పను. అందుకే హక్కు తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరమైతే "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మాత్రం మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

ఆడపిల్లల్ని వేధించేవాళ్లని పట్టుకోవడానికి 2014 అక్టోబర్‌లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మఫ్టీలో బస్టాపుల దగ్గర నిఘా పెడతాయి.

ఇక జనం వైపు నుంచి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ (ప్రవక్త జయంతి) రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. ఊళ్లో గొడవ రాకూడదని ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ఎన్ని బలగాలు దింపినా అంత ప్రశాంతత వచ్చేది కాదు. పాతబస్తీలో పండగల ముందు పోలీసులు పెట్టే శాంతి కమిటీ సమావేశాలకి మీ గల్లీ వాళ్లు కూడా వెళ్లొచ్చు, అడిగి చూడండి.